పదిహేను వేల సౌండ్‌బార్ చాలా, డెబ్బై వేల సెట్ కావాలా: మన ఫ్లాట్ హాలుకి హోమ్ థియేటర్ ఎంపిక

మా హాలు పదకొండు అడుగుల వెడల్పు, పదిహేడు అడుగుల పొడవు. కింద నున్నటి టైల్స్, ఒక పక్క డైనింగ్ వైపు గోడే లేదు, సోఫా వెనక గోడకి అతుక్కుని ఉంటుంది, నెత్తి మీద రెండు ఫ్యాన్లు. బెజవాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు చాలా వరకు ఇలాగే ఉంటాయి, సత్యనారాయణపురమైనా పటమటైనా భవానీపురమైనా. అందుకే హోమ్ థియేటర్ ఏది కొనమంటావని ఎవరైనా అడిగితే బడ్జెట్ ఎంత అని కాదు, ముందు హాలు ఎలా ఉంటుందో చెప్పమంటాను. డబ్బు సంగతి తర్వాత.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు, తొమ్మిది వేలు పోశాక వచ్చింది. ఏడేళ్ల కిందట ఏలూరు రోడ్డులో ఒక కొట్లో 5.1 సెట్ కొన్నాను. ఐదు బుల్లి స్పీకర్లు, ఒక ఊఫర్ డబ్బా, దాని ముందు నీలం లైట్లు, అట్టపెట్టె మీద ఇంత లావు అక్షరాలతో వాట్ల లెక్క. "ఇంట్లో థియేటరే సార్" అన్నాడు కొట్లో కుర్రాడు. పెన్‌డ్రైవ్‌లో ఒక మాస్ పాట పెట్టి దరువు వినిపించాడు, కొట్టు అద్దాలు కదిలాయి, నేనూ కదిలిపోయాను. ఇంటికి తెచ్చి, గోడలకి మేకులు కొట్టి, వైర్లన్నీ సోఫా కింద నుంచి లాగి, ఆ రాత్రి సినిమా పెడితే ముందు నుంచి హీరో మాటలు, వెనక నుంచి అవే మాటలు, పక్క నుంచీ అవే. మా నాన్న కాసేపు విని, "ఏరా, రామమందిరంలో మైకు పెట్టినట్టుందేంటి?" అన్నారు.

ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. ఆ డబ్బాలో డీకోడర్ లేదు, అంటే సినిమా సౌండుని ఏ స్పీకర్‌ది దానికి విడదీసే భాగం. టీవీ నుంచి ఎరుపు, తెలుపు పిన్నుల వైరులో వచ్చేది రెండు ఛానళ్ల స్టీరియో మాత్రమే, దాన్నే అది ఐదు స్పీకర్లకి పంచి పెడుతోంది. బ్లూటూత్‌లో పంపినా అంతే, అక్కడ కూడా స్టీరియోనే. దాని వెనక 5.1 ఇన్‌పుట్ అని ఆరు గుంటలు ఉన్న మాట నిజమే, కానీ వాటిలోకి ఆరు వేర్వేరు ఛానళ్లు విడదీసి పంపే డీవీడీ ప్లేయరో, సరైన సౌండ్ కార్డు ఉన్న కంప్యూటరో ఉంటేనే ఆ గుంటలకి పని. మా ఇంట్లో రెండూ లేవు. అంటే నేను కొన్నది ఐదు స్పీకర్లున్న స్టీరియో.

కాబట్టి కొట్లో మొదట చెయ్యాల్సిన పని పాట వినడం కాదు, డబ్బాని వెనక్కి తిప్పి చూడటం. టీవీ సౌండుని సెట్‌కి తెచ్చే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గుంట ఉండాలి, పెట్టె మీద డాల్బీ డిజిటల్ (5.1 సౌండుని కుదించి పంపే పద్ధతి) అని స్పష్టంగా రాసి ఉండాలి. ఆప్టికల్ గుంట (వెలుగుతో సౌండు పంపే వైరుది) ఒక్కటే చూసి నమ్మకండి, దాంట్లోంచి స్టీరియో మాత్రమే తీసుకునే సెట్లు కూడా ఉన్నాయి.

రెండోది వాట్లు. పీఎంపీఓ, అంటే ఏదో ఒక్క క్షణం ఇవ్వగలదనే లెక్క, అని రాసిన నంబరు ఎంత పెద్దదైనా దానికి అర్థం లేదు, పక్కన పెట్టేయండి. ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చే వాట్లు, అడగండి. అది కూడా నమ్మబుద్ధి కాకపోతే పవర్ అడాప్టర్ తిప్పి చూడండి. పెట్టె మీద 200 వాట్లు అని ఉన్న ఒక సౌండ్‌బార్‌కి (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్) ఇచ్చిన అడాప్టర్ మీద 18 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. గుణిస్తే 54. లోపలికి 54 వాట్లు వెళ్తుంటే బయటికి ఆగకుండా 200 ఎక్కడి నుంచి వస్తాయి? ఇంట్లో మనం మామూలుగా వినే సౌండుకి స్పీకర్‌కి కొద్ది వాట్లు చాలు అనేది వేరే సంగతి. సెన్సిటివిటీ అంటే ఒక వాటుకి స్పీకర్ ఎంత సౌండ్ ఇస్తుందనే లెక్క, 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌ ఇచ్చేంత సౌండుని 89 ఉన్నది సగం కరెంటుతోనే ఇచ్చేస్తుంది. వాట్ల కంటే ఆ నంబరు చూడటం తెలివైన పని, కాకపోతే చవక సెట్ల మీద అది రాయనే రాయరు.

అసలు మనకి కావాల్సింది మాట

మన ఇళ్లలో సౌండ్ సిస్టమ్ ఎందుకు కొంటాం? బాంబులు పేలాలని కాదు. టీవీ సన్నబడే కొద్దీ దాని స్పీకర్లూ సన్నబడి కిందికో వెనక్కో తిరిగిపోయాయి, మాట అర్థం కావట్లేదు. దానికి తోడు మే నెలలో ఫ్యాన్ ఐదు మీద, కూలర్ ఒక పక్క గర్రుమంటుంటే నాయిక గుసగుసగా చెప్పింది ఏంటో ఎవరికీ వినపడదు. సౌండ్ పెంచుతాం. వెంటనే ఫైట్ వస్తుంది, రిమోట్ కోసం దిండ్ల కింద వెతుక్కుంటాం. మా ఇంట్లో ఇది రోజూ జరిగేది.

5.1 మిక్స్‌లో మాటలు దాదాపు అన్నీ మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ లోంచే వస్తాయి. కుడి, ఎడమల్లో సంగీతం, వెనక వాటిలో వాన చప్పుడు, జనం గోల లాంటివి. అంటే డబ్బు తక్కువైనప్పుడు కోత పెట్టాల్సింది వెనక స్పీకర్ల మీద, సెంటర్ మీద కాదు. కొట్లో అమ్మే చవక సెట్లలో సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు. అగ్గిపెట్టె అంత సెంటర్ పెట్టి, ఊఫర్‌ని మాత్రం బిందె అంత చేస్తారు.

ఆ బుల్లి స్పీకర్లతో ఇంకో చిక్కు. మగవాళ్ల గొంతు కింది స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మూడంగుళాల డబ్బాకి అంత కిందికి దిగే సత్తా లేదు కాబట్టి ఆ భాగం కూడా ఊఫర్‌కే వెళ్తుంది. 80 హెర్ట్జ్ కంటే కింద ఉండే శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో మన చెవి పట్టుకోలేదు, అందుకే ఊఫర్ ఏ మూలన ఉన్నా ఇబ్బంది ఉండదు. 150 దగ్గర మాత్రం ఇట్టే పట్టేస్తుంది. అందుకే కొన్ని సెట్లలో విలన్ తెర మీద కనపడుతుంటే గొంతు సగం టీవీ స్టాండు కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ఇది ఏ సెట్టింగుతోనూ పూర్తిగా పోదు.

ఇక ఎంపికలు

పదిహేను వేల లోపు అయితే బార్, పక్కన ఒక సబ్‌వూఫర్, అంటే బేస్ ఇచ్చే ఊఫర్ డబ్బా. ఇందులో 2.1 అని, 3.1 అని రెండు రకాలు దొరుకుతాయి. 3.1 లో మధ్యన మాటల కోసం వేరే ఛానల్ ఉంటుంది, కాబట్టి వెయ్యో రెండు వేలో ఎక్కువైనా దానికే వెళ్లండి. వైర్లు తక్కువ, అమ్మానాన్నలు ఒక్క రిమోట్‌తో నడుపుకోగలరు, వార్తలకీ సీరియళ్లకీ ఇంతకు మించి అక్కర్లేదు. పెట్టె మీద వర్చువల్ సరౌండ్ అని ఉంటుంది, దానికి డబ్బు పెట్టకండి. చెవిని మాయ చేసే ఉపాయం అది, కొన్ని బార్లు అందుకోసం శబ్దాన్ని పక్క గోడలకి కొట్టి మన చెవికి తెప్పిస్తాయి. మా హాలులో ఒక పక్క గోడే లేదని మొదటే చెప్పాను కదా, అటు వెళ్లిన శబ్దం వంటింట్లో గిన్నెల మధ్య తేలుతుంది.

అట్మాస్, అంటే పై నుంచి కూడా శబ్దం వచ్చేలా చేసే డాల్బీ పద్ధతి, అని రాసిన బార్ల సంగతీ ఇలాంటిదే. పైకి చూసే స్పీకర్లు ఉన్న బార్ అయితే శబ్దాన్ని సీలింగుకి కొట్టి కిందికి తెస్తుంది, దానికి సీలింగు చదునుగా, ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో ఉంటే బాగా పని చేస్తుంది. మనమేమో పీఓపీ చేయించి, మధ్యలో పువ్వు, చుట్టూ మెట్లు, ఆ మెట్లలో లైట్లు పెట్టించుకుంటాం. పైకి చూసే స్పీకర్లు అసలు లేకుండానే అట్మాస్ అని రాసి ఉంటే అది సిగ్నల్ తీసుకుని, పై నుంచి వస్తున్నట్టు మాయ చేయడానికి చూస్తుంది అని మాత్రమే అర్థం.

పదిహేను నుంచి ముప్పై వేల మధ్య అయితే బార్, సబ్‌వూఫర్, వెనక రెండు స్పీకర్లు కలిపి వచ్చే 5.1 ప్యాకేజీలు. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే, ఇక్కడితో ఆగిపొమ్మనే చెప్తాను. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ దీనికి మంచి ఉదాహరణ. ఆంప్లిఫైయర్ సబ్‌వూఫర్ డబ్బాలోనే ఉంటుంది, బార్, వెనక స్పీకర్లు అన్నీ వైర్లతో దానికే కలుస్తాయి, ఏఆర్‌సీ ఉంది, డాల్బీ డిజిటల్ నిజంగానే డీకోడ్ చేస్తుంది. వెనక నుంచి రావాల్సింది వెనక నుంచే వస్తుంది. దాని పై మోడల్ ఎస్40ఆర్‌లో వెనక స్పీకర్లు వైర్‌లెస్ అంటారు కానీ ఆ మాట సగమే నిజం, ఎందుకంటే వెనకాల ఒక చిన్న ఆంప్లిఫైయర్ డబ్బా పెట్టి, దానికి ప్లగ్ ఇచ్చి, అక్కడి నుంచి రెండు స్పీకర్లకీ వైర్లు లాగాలి. ముందు నుంచి వెనక్కి హాలు దాటే వైరు తప్పుతుంది, అంతవరకే. సోఫా వెనక ప్లగ్ పాయింట్ ఉందా లేదా చూసుకుని ఎంచుకోండి.

ఈ ప్యాకేజీల లోపం ఒకటే. ఇవి మూసేసిన డబ్బాలు. రేపు పెద్ద సెంటర్ పెట్టుకుందాం, మంచి సబ్‌వూఫర్ మారుద్దాం అంటే కుదరదు. ఆంప్లిఫైయర్ ఉన్న సబ్‌వూఫర్ పాడైతే మిగతావన్నీ బొమ్మలే. అందుకే వీటికి వారంటీ, ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా లేదా అన్నది ధ్వని కంటే ముఖ్యం. ఆన్‌లైన్‌లో వెయ్యి తక్కువకి వస్తోందని ఊరూ పేరూ లేని కంపెనీది తీసుకుంటే రిపేరుకి దాన్ని ఎవరి దగ్గరికి మోస్తారు?

అరవై వేలు దాటి పెట్టగలిగితే, లేదా ఒకేసారి కాకపోయినా రెండేళ్లలో కొంచెం కొంచెంగా పెట్టగలిగితే, ఏవీ రిసీవర్ (డీకోడర్, ఆంప్లిఫైయర్ రెండూ ఉండే డబ్బా), విడి స్పీకర్లు. డెనాన్, యమహా, సోనీ, ఆంక్యో ఈ రంగంలో పాత పేర్లు. కింది స్థాయి 5.1 రిసీవర్ పాతిక నుంచి ముప్పై అయిదు వేల మధ్య, బుక్‌షెల్ఫ్ స్పీకర్ల (అరలో పట్టేంత చిన్నవి) జత పది నుంచి ఇరవై, సెంటర్ ఒక పది, సబ్‌వూఫర్ పదిహేను ఇరవై, వెనక జత ఇంకో పది, ఇలా ఉంటుంది లెక్క. పండగ ఆఫర్లని బట్టి అటూ ఇటూ. మొత్తం కలిపి చూస్తే గుండె ఝల్లుమంటుంది కానీ ఇందులో ఉన్న సుఖం ఏంటంటే ఒకేసారి కొనక్కర్లేదు. మొదట రిసీవర్, ముందు రెండు స్పీకర్లు, అంతే. రిసీవర్ సెట్టింగులో సెంటర్ లేదు అని చెప్తే మాటల్ని కుడి ఎడమలకి సమంగా పంచుతుంది, నడుమ కూర్చున్నవాళ్లకి మాట టీవీ మధ్యలోంచే వస్తున్నట్టు ఉంటుంది. నేను ఇలాగే మొదలుపెట్టాను. సెంటర్ ఆరు నెలలకి, సబ్‌వూఫర్ ఆ పై సంక్రాంతికి, వెనక జత ఇంకో ఏడాదికి. వెనకవి లేవన్న లోటు ఆ ఏడాదిలో నాకు పెద్దగా అనిపించలేదు, సెంటర్ లేని ఆరు నెలలు మాత్రం సోఫా చివర కూర్చునే మా ఆవిడ రోజూ గుర్తు చేసేది.

ఒకటి మాత్రం చెప్పాలి. ఈ దారిలోకి వెళ్తే రిమోట్లు పెరుగుతాయి, వైర్లు పెరుగుతాయి, ఇంటికొచ్చిన చుట్టాలు టీవీ పెట్టలేక మీకు ఫోన్ చేస్తారు. మీకు సరదా ఉంటేనే దిగండి. సరదా లేకుండా, పక్కింటి వాళ్లకి ఉందని దిగిన ఇళ్లలో రిసీవర్ మీద లేసు గుడ్డ, దాని మీద పూలకుండీ చూశాను. రిసీవర్‌కి పైన గాలి ఆడాలి, మన ఎండలకి మరీను.

సినిమాల కంటే పాటలు ఎక్కువ వినే ఇల్లయితే సరౌండ్ గొడవే వద్దు. ఎడిఫైయర్ ఆర్1280డీబీ లాంటివి, ఆంప్లిఫైయర్ లోపలే ఉండి ఆప్టికల్ గుంట ఉన్న బుక్‌షెల్ఫ్ జత ఒకటి టీవీకి రెండు పక్కలా పెట్టుకోండి. మా నాన్న గదిలో అలాంటిదే పెట్టాను. పాత పాటలు ఆయన దాంట్లో వింటుంటే హాల్లో ఉన్న నా డెబ్బై వేల సరంజామా వెలవెలబోతుంది, ఒప్పుకోక తప్పదు.

ఇక ఊళ్లో చేసి ఇచ్చే అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్లు. ఎస్టీకే ఐసీలతో (సౌండ్ పెంచే చిప్పులు), పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో చేసినవి పాటలకి గట్టిగానే పలుకుతాయి, పాడైతే వీధి చివర మెకానిక్కే బాగు చేస్తాడు. సినిమాలకి మాత్రం డీకోడర్ ఉండదు. ఇలాంటిదో, నాలాగా పాత 5.1 డబ్బానో ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయకండి. టీవీ నుంచి ఆప్టికల్‌లోనో ఏఆర్‌సీలోనో తీసుకుని ఆరు ఛానళ్లుగా విడదీసి ఇచ్చే చిన్న డీకోడర్ డబ్బాలు విడిగా దొరుకుతాయి. మూడు నాలుగు వేలు పెట్టి అది తగిలిస్తే ఆ ఆరు గుంటలకి మొదటిసారి పని దొరుకుతుంది. చాలా వాటికి డాల్బీ డిజిటల్, అలాంటిదే ఇంకో పద్ధతి డీటీఎస్ వరకే తెలుసు, అందుకని టీవీ సెట్టింగులో డాల్బీ డిజిటల్ అనే ఎంచుకోవాలి.

అమెరికా రిసీవర్

ఇది మన కృష్ణా, గుంటూరు వైపు వాళ్లకే ప్రత్యేకమైన ఎంపిక కాబట్టి విడిగా చెప్తున్నాను. ప్రతి ఇంట్లో ఒకరు అక్కడ ఉంటారు. పోయేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ, గోంగూర, కారప్పొడి. వచ్చేటప్పుడు ఖాళీగా ఎందుకు, అక్కడ సేల్‌లో రిసీవర్ సగం ధరకి వస్తోంది, తెమ్మంటావా అని ఫోన్ వస్తుంది. ఆగండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. అక్కడి కోసం చేసిన రిసీవర్‌ని ఇక్కడ నేరుగా ప్లగ్‌లో పెడితే పొగ వస్తుంది, వారంటీ కూడా ఇక్కడ చెల్లదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపేవాళ్లు ఉన్నారు, కానీ రిసీవర్ వెనక రాసిన వాట్ల కంటే బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది కొనాలి, అది ఇటుక అంత బరువుంటుంది, గుయ్‌మని మోగుతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు రిసీవర్ ప్లగ్ తీసి గోడకే పెట్టేస్తారు. గుంటూరు బ్రాడీపేటలో మా బావమరిది ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. దసరాకి ఇల్లు దులుపుతూ ప్లగ్ మార్చారు, అంతే. "బావా, ఒక్కసారి టప్‌మంది" అన్నాడు ఫోన్లో, ఇంకేం మాట్లాడలేదు.

తెప్పించుకోవాలంటే విడి స్పీకర్లు తెప్పించుకోండి. ఆంప్లిఫైయర్ లేని మామూలు స్పీకర్‌కి వోల్టేజి పట్టింపు లేదు, ఏ దేశానిదైనా ఇక్కడ పలుకుతుంది. ఒక సెంటర్ స్పీకర్, చిన్న బుక్‌షెల్ఫ్ జత 23 కిలోల పెట్టెలో పడతాయి. సబ్‌వూఫర్ మాత్రం వద్దు, దాంట్లో ఆంప్లిఫైయర్ ఉంటుంది, మళ్లీ అదే వోల్టేజి తంటా. రిసీవర్, సబ్‌వూఫర్ ఇక్కడ కొనండి, స్పీకర్లు అక్కడి నుంచి తెచ్చుకోండి.

పాతవి కొనడం గురించి రెండు మాటలు. పాత స్పీకర్లు ధైర్యంగా కొనొచ్చు, కోను చుట్టూ ఉండే రబ్బరు లేదా ఫోమ్ వలయం వేలితో తడిమి చూసి చిట్లలేదంటే చాలు. పాత రిసీవర్ అయితే ప్రతి హెచ్‌డీఎంఐ గుంటలోనూ వైరు పెట్టి చూడండి, ముందుగా పోయేది అదే.

తెచ్చాక ఇంట్లో

ఎంత ఖరీదైనది తెచ్చినా టీవీలో ఒక సెట్టింగు మార్చకపోతే దండగ. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ అని ఉంటుంది. అక్కడ పీసీఎం అని ఉంటే ఏఆర్‌సీలో రెండు ఛానళ్లే బయటికి వెళ్తాయి. ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ, మీ టీవీలో ఏ పేరుంటే అది పెట్టండి. ఈ ఒక్క పని చేసి ముగ్గురి ఇళ్లలో నేను పెద్ద నిపుణుడిలా పేరు తెచ్చుకున్నాను. తర్వాత యాప్‌లో ఆడియో ట్రాక్ దగ్గర తెలుగు 5.1 ఉందేమో చూసుకోవాలి, కొన్ని సినిమాలకి తెలుగు ఒకటి మామూలుది, ఒకటి 5.1 విడివిడిగా ఉంటాయి. నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి.

ఏఆర్‌సీ, ఈఏఆర్‌సీ అని కొట్లో కంగారు పెడతారు. ఏఆర్‌సీ 2009 లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నాటిది, ఈఏఆర్‌సీ 2017 నాటి 2.1 ది. ఓటీటీ సినిమాలు వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్‌లో, అందులో అట్మాస్ ఉన్నా సరే మామూలు ఏఆర్‌సీ మోసేయగలదు. బ్లూ-రే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ టీవీ మీదుగా వెళ్లాలంటేనే ఈఏఆర్‌సీ కావాలి. మన ఇళ్లలో బ్లూ-రే ఎంతమందికి ఉంది? ఆ ఒక్క అక్షరం కోసం ఐదు వేలు ఎక్కువ పెట్టకండి. టీవీ పాతదై ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్ వాడండి, మామూలు 5.1 వరకు అది చాలు, అట్మాస్ మాత్రం రాదు.

వైరు. స్పీకర్ వైరు అని మెరిసే ప్యాకెట్లో అమ్మేది చాలాసార్లు అల్యూమినియం మీద రాగి పూత. దాని బదులు కరెంటు సామాన్ల కొట్లో 1.5 స్క్వేర్ ఎంఎం మెత్తటి రాగి వైరు, ఎరుపొకటి నలుపొకటి, మీటర్ల లెక్కన కొనుక్కోండి. 16 గేజ్ స్పీకర్ వైరు 1.3 చిల్లర ఉంటుంది, అంటే ఇది దానికంటే లావే. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలపాలి. ఒక స్పీకర్‌కి తారుమారైతే సౌండ్ వస్తుంది కానీ బేస్ పలచబడి, పాడేవాడు ఎక్కడున్నాడో తెలియనట్టు ఉంటుంది, చాలామంది స్పీకర్ బాగాలేదనుకుంటారు. కొత్త ఇల్లు కట్టుకుంటున్నా, ఇంటీరియర్ చేయిస్తున్నా, ఎలక్ట్రీషియన్ గోడలు కొట్టేటప్పుడే టీవీ వెనక నుంచి సోఫా రెండు పక్కలకీ ఖాళీ పైపులు వేయించండి. ఆ రోజు అయ్యే ఖర్చు వందల్లో ఉంటుంది, రంగులు వేశాక అయితే ఆ మాట ఇంట్లో ఎత్తలేం.

వెనక స్పీకర్లు వెనకే ఉండాలని లేదు. సోఫా గోడకి ఆనుకుని ఉన్నప్పుడు వెనక జాగా ఏది? పక్క గోడల మీద, కూర్చున్నప్పుడు చెవికి ఒక అడుగు పైన, సోఫాకి సూటిగా పెట్టండి. ఒక పక్క గోడ లేకపోతే అటు వైపుది స్టాండు మీద. సెంటర్ మాత్రం టీవీ అరలో లోపలికి తోసేయకుండా అంచుదాకా ముందుకి లాగి, కొంచెం పైకి వంచండి, మాట ఒక్కసారిగా తేటపడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

సబ్‌వూఫర్‌కి చోటు వెతకడం అసలు తమాషా. మూలన పెడితే బేస్ పెరుగుతుంది, కానీ గుమ్మడికాయలో గాలి ఊదినట్టు బుమ్‌మంటూ సాగుతుంది. దీనికో పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ని తీసుకెళ్లి మనం కూర్చునే సోఫాలో కూర్చోబెట్టి, బేస్ ఉన్న పాట పెట్టి, మనం మోకాళ్ల మీద గోడ వెంబడి పాకుతూ ఎక్కడ బేస్ సమంగా, గట్టిగా వినపడుతుందో చూసుకోవాలి, దొరికిన చోట సబ్‌వూఫర్ పెట్టాలి. బావమరిదికి రెండోసారి ఇక్కడే కొన్న రిసీవర్‌తో సెట్ చేసేటప్పుడు వాళ్ల హాల్లో నేనలా షోకేసు పక్కన చెవి నేలకి ఆనించి పాకుతుంటే మా అత్తగారు కాఫీ పట్టుకొచ్చి, "ఏం పడిపోయింది బాబూ, వెతుకుతున్నారు?" అన్నారు. సబ్‌వూఫర్ చోటు షోకేసుకి రెండడుగుల ఇవతల కుదిరింది, కాకపోతే షోకేసులో కప్పులు గలగలలాడుతుంటే వాటి కింద గుడ్డ పరిచాం.

కేబుల్ బాక్స్ కలపగానే స్పీకర్లలో సన్నగా గుయ్‌మని మోత మొదలైతే సెట్‌ది తప్పు కాదు, చాలావరకు ఎర్తింగ్ గొడవ. కేబుల్ వైరు ఊడదీసి చూడండి, మోత ఆగితే కారణం దొరికినట్టే. అన్నిటినీ ఒకే మూడు పిన్నుల బోర్డు మీద పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లినప్పుడు మోత వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, సైన్ వేవ్ దానికి ఈ బాధ ఉండదు.

కొట్టుకి వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన సినిమాలో ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీను ఒకటి మనసులో పెట్టుకుని వెళ్లండి. అక్కడి కుర్రాడు దరువు పాటే పెడతాడు, పెట్టనివ్వండి, తర్వాత సౌండ్ బాగా తగ్గించి ఈ సీను పెట్టమనండి. తక్కువ సౌండులో మాట తేటగా వినపడిందంటే ఆ సెట్ మీ ఇంట్లో పనికొస్తుంది. బెసెంట్ రోడ్డులోనో బందరు రోడ్డులోనో చూసి ఆన్‌లైన్‌లో కొనడం అందరూ చేసేదే, కాకపోతే ఆన్‌లైన్ ధర కొట్లో చూపించి అడిగితే తేడా ఐదొందలో వెయ్యో దగ్గరికి దిగొస్తారు. ఆ మాత్రం తేడాకి నేనైతే ఊళ్లోనే కొంటాను, రేపు ఏదైనా అయితే వెళ్లి నిలబడటానికి ఒక గుమ్మం ఉంటుంది.

ఇక అపార్ట్‌మెంట్ వాళ్లకి చివరి జాగ్రత్త. బేస్ స్లాబ్ గుండా కిందికి దిగుతుంది, తలుపులు వేసినా ఆగదు. నా సబ్‌వూఫర్ వచ్చిన మూడో రోజు కింది ఫ్లాట్ మామ్మగారు పైకొచ్చి, "మీ ఇంట్లో పిండి మర పెట్టారా నాయనా?" అని అడిగారు, కోపంగా కూడా కాదు. అప్పటి నుంచి దాని కింద మందపాటి రబ్బరు ముక్కలు నాలుగు పెట్టాను, రాత్రి పది దాటితే నైట్ మోడ్ వేస్తాను. అందులో పెద్ద చప్పుళ్లు తగ్గి మాటలు పైకి వస్తాయి, చాలా సెట్లలో రిమోట్ మీదే బటన్ ఉంటుంది. మామ్మగారు మళ్లీ రాలేదు.